జంగు పట్టదు, పగులుతుంది

మొయినాబాద్ దాటి చేవెళ్ల రోడ్డెక్కితే రెండు పక్కలా మర్రిచెట్లు. ఆ చెట్ల సందులోంచి లోపలికి తిరిగితే ఒక తెలిసినాయన కూరగాయల తోట. పోయిన ఎండాకాలం అక్కడ బోరు మోటరు గుంజుతుంటే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి చూశాను. మూడుకాళ్ల స్టాండు, దానికి చైన్ కప్పీ, ఇద్దరు కుర్రాళ్లు, ఒక మెకానిక్. 20 అడుగుల జీఐ పైపు ఒకటి పైకి రావడం, కింది పైపుకు క్లాంపు బిగించడం, పై పైపు మర విప్పి పక్కన పెట్టడం, మళ్లీ కప్పీ లాగడం. 650 అడుగులకు పైగా లోతున్న బోరు. ముప్పై మూడు పైపులు లెక్కపెట్టాను. చివరికి మోటరు బయటికొచ్చింది. పదేళ్లు నీళ్లలో ఉన్న స్టీలు ఒళ్లు, బురద తుడిస్తే నిగనిగలాడుతోంది. దానికి బిగించిన ఆఖరి జీఐ పైపు మాత్రం మర దగ్గర బొటనవేలితో నొక్కితే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

"మోటరుకు ఏం కాలే సారూ. స్టీలుకు జంగు వట్టదు. పక్కదాన్ని తిన్నది" అన్నాడు మెకానిక్.

ఆ మాటే నన్ను రెండు నెలలు తిప్పింది. బోరు దగ్గర మొదలై కోనసీమ గ్యాస్ బావుల దాకా పోయింది. దారిలో ఏరుకున్న విశేషాలు ఇవి.

పక్కదాన్ని తినే స్టీలు

మెకానిక్ అన్నది అక్షరాలా నిజం. రెండు రకాల లోహాలను కలిపి బిగించి ఉప్పు కలిసిన నీళ్లలో ముంచితే అది చిన్నపాటి బ్యాటరీ అయిపోతుంది. వాటిలో తుప్పుకు తేలిగ్గా లొంగేది కరుగుతుంది, లొంగనిది అట్లాగే ఉంటుంది. జీఐ పైపు మీది జింకు పూత ముందు పోతుంది, తర్వాత ఇనుము. స్టీలు మోటరుకు దగ్గరగా ఉన్న పైపే ముందు పోవడానికి కారణం ఇదే. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ కాలమ్ పైపులు దించుతున్నారు. బరువు తక్కువన్నది ఒక కారణం, ఈ బ్యాటరీ గొడవ లేకపోవడం ఇంకొకటి.

రెండు జంగులు

కోస్తాలో తుప్పు అంటారు, తెలంగాణలో జంగు. ఇది ఉర్దూ మీదుగా వచ్చిన మాట. ఉర్దూలో తుప్పుకు ఒక అక్షరం, యుద్ధానికి మరో అక్షరం. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ జంగే అయ్యాయి. ఇనుము విషయంలో ఇది పొరపాటేమీ కాదనిపిస్తుంది. రాగికి, ఇత్తడికి పట్టే పచ్చటిది చిలుము. నీళ్ల పైపులో, పళ్ల మీద గట్టిగా పేరుకునేది గార. ఇన్ని మాటలున్న భాషలో స్టెయిన్‌లెస్ స్టీలుకు వచ్చే జబ్బుకు మాత్రం విడిగా మాట లేదు. ఎందుకంటే అది పట్టేది కాదు, పగిలేది.

చేవెళ్ల కింద నూనె ఎందుకు లేదు

వెయ్యి అడుగులు వేసినా ఇక్కడ దొరికేది రాతిపొడి, అదృష్టం బాగుంటే నీళ్లు. ఈ నేల కింద ఉన్న గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోతే దాని మీద 6 కోట్ల పైచిలుకు ఏళ్ల కిందటి లావా పరుచుకుని ఉంటుంది. నూనె, గ్యాస్ పుట్టాలంటే బురద, ఇసుక, చచ్చిన జీవరాశి పొరలుపొరలుగా పేరుకోవాలి. అది నదుల నోట బాగా జరిగే పని. మన దగ్గర అది జరిగింది కృష్ణా గోదావరి డెల్టాలో. 1978లో ఓఎన్‌జీసీ నర్సాపురం దగ్గర తవ్విన బావితో అక్కడి గ్యాస్ కథ మొదలైంది.

ఇంకో మాట. ప్రాణహిత నది నీళ్లను ఇక్కడికి తెస్తామని 2008లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టుకు 'ప్రాణహిత చేవెళ్ల' అని పేరు పెట్టారు. తర్వాత దాని రూపురేఖలు మారిపోయి కాళేశ్వరమైంది. పేరులో ఉన్న ఊరికి నీళ్లు రాలేదు. అందుకే ఇంకా బోర్లు, అందుకే ఇంకా కప్పీ లాగుడు.

ఏడు క్వింటాళ్లు, డెబ్బై అయిదు టన్నులు

నేను చూసిన ఆ ముప్పై మూడు జీఐ పైపులు కలిపి తూస్తే ఏడు క్వింటాళ్ల దాకా ఉంటాయి. గ్యాస్ బావిలో దించే లోపలి పైపును ట్యూబింగ్ అంటారు. నాలుగున్నర ఇంచుల ట్యూబింగ్ అడుగుకు 12.6 పౌండ్లు, అంటే ఆరు కిలోలకు కాస్త తక్కువ. నాలుగు కిలోమీటర్ల బావికి లెక్కేస్తే 75 టన్నులు. అదంతా పైన తలకాయ దగ్గర ఒక్క కొక్కేనికి వేలాడుతుంది. అంటే పై పైపు తన కింద ఉన్నవాటన్నిటి బరువూ మోస్తూ ఇరవై ఏళ్లు నిలబడాలి. ఈ లాగుడు సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

వేడి సంగతీ అంతే. భూమిలోకి కిలోమీటరు దిగితే 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. చేవెళ్ల బోరు నీళ్లు చలికాలం పొద్దున గోరువెచ్చగా అనిపించి ఊరుకుంటాయి. కృష్ణా గోదావరి బేసిన్‌లో 'హెచ్‌పీహెచ్‌టీ' అని పిలిచే బావులున్నాయి. ఒత్తిడి 10,000 పీఎస్ఐకి పైన, వేడి 150 డిగ్రీలకు పైన ఉన్నవాటిని పరిశ్రమలో అట్లా అంటారు. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న దీన్ దయాళ్ క్షేత్రం అటువంటిది. 2023లో గ్యాస్ మొదలైన కేజీ డీ6 బ్లాకులోని ఎంజే క్షేత్రమూ అటువంటిదే.

గోలీసోడా బావి

గ్యాస్ బావిలోంచి వచ్చేది మండే గ్యాస్ ఒక్కటే కాదు. దానితోపాటు కార్బన్ డయాక్సైడ్, నీళ్లు కూడా వస్తాయి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మనకు చిన్నప్పుడే తెలుసు: గోలీసోడా. నాలుక మీద చురుక్కుమనిపించే ఆ పులుపు కార్బానిక్ ఆమ్లం. సోడాబుడ్డి గాజుది కాబట్టి దానికేం కాదు. మామూలు ఇనప పైపులో వంద డిగ్రీల వేడి సోడా పగలూ రాత్రీ పారితే గోడ నుంచి మిల్లీమీటర్లకు మిల్లీమీటర్లు లేచిపోతుంది. పొడి కార్బన్ డయాక్సైడ్ ఇనుమును ఏమీ చేయదు. నీటి చుక్క తోడైతేనే దానికి పళ్లొస్తాయి.

వంటింటి కత్తే బావిలో పైపు

ఈ సోడా బాధకు పరిశ్రమ కనిపెట్టిన మందు 'థర్టీన్ క్రోమ్'. ఇనుములో 12 నుంచి 14 శాతం క్రోమియం కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు. కూరగాయలు తరిగే మంచి కత్తి ఏ జాతిదో, ఇదీ దాదాపు ఆ జాతే.

దీని పుట్టుక ఇంకా తమాషా. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. 12.8 శాతం క్రోమియంతో ఒక పోత పోశాడు. పరీక్ష కోసం ఆమ్లంలో పెడితే అది కరగడానికి మొండికేసింది. తుపాకులవాళ్లకు అది అక్కర్లేకపోయింది గానీ కత్తులు చేసే షెఫీల్డుకు పనికొచ్చింది. వెనిగర్‌లో ముంచి చూసి 'స్టెయిన్‌లెస్' అని పేరు పెట్టింది ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల తయారీదారు. అది పుట్టింది గొట్టం కోసం. కత్తిగా బతికి, చివరికి నూనె బావిలో మళ్లీ గొట్టమే అయింది.

ఈ స్టీలును కాపాడేది దాని మీద తనంతట తాను ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. మందం రెండు మూడు నానోమీటర్లు. తలవెంట్రుకను నిలువునా ముప్పై వేల పోగులుగా చీల్చగలిగితే అందులో ఒక పోగంత. గీరుకుపోతే గాలి తగలగానే మళ్లీ అల్లుకుంటుంది. మామూలుగా వాడే థర్టీన్ క్రోమ్ 150 డిగ్రీల వేడి దాకా ఈ సోడాను కాచుకుంటుందని లెక్క. దానికి నికెల్, మాలిబ్డినం చేర్చి చేసినదాన్ని 'సూపర్ థర్టీన్' అంటారు, అది ఇంకొంచెం ముందుకు పోతుంది. ఆ పైన డూప్లెక్స్, ఆ పైన నికెల్ మిశ్రమాలు. మెట్టు ఎక్కినకొద్దీ పైపు ధర బంగారం కొట్టు వైపు నడుస్తుంది.

అయస్కాంతం అబద్ధం చెప్పదు, పూర్తి నిజమూ చెప్పదు

స్టీలు సామాన్ల కొట్లో పెద్దవాళ్లు అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు అని నమ్మకం. నూనె బావిలో దించే థర్టీన్ క్రోమ్‌కు అయస్కాంతం టక్కున అంటుకుంటుంది, అయినా అది స్టెయిన్‌లెస్సే. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చేసే 200 సిరీస్ గిన్నెలకు సాధారణంగా అంటుకోదు, కానీ అవి ఉప్పుకు త్వరగా లొంగిపోతాయి. కొట్టువాడికి ఇది చెబితే 'మీరు కొనేటట్టున్నారా' అన్నట్టు చూశాడు.

ఆవకాయ జాడీ తెలివి

మా అమ్మమ్మ ఏనాడూ స్టీలు డబ్బాలో ఊరగాయ పెట్టలేదు. పింగాణీ జాడీ, మూతికి తెల్లగుడ్డ. ఎందుకని అడిగితే 'ఉప్పు ఊరుకోదురా' అనేది. రసాయన శాస్త్రం ఇంతకంటే బాగా చెప్పలేదు. ఉప్పులోని క్లోరైడు ఆ పలుచని పొరను ఒక్క చోట పొడిచి బొక్క పెడుతుంది. పులుపు తోడైతే ఇంకా సులువు. బొక్క లోపల నీళ్లు కదలవు, కాబట్టి ఆమ్లం చిక్కబడి తన గుంటను తానే లోతు చేసుకుంటుంది. పైనుంచి చూస్తే సూది మొనంత చుక్క. గిన్నె అడుగున రాత్రంతా రాళ్ల ఉప్పు మిగిలిపోతే పొద్దున కనబడే చుక్కలు ఇవే. నూనె బావి అడుగున ఊరే నీళ్లు చాలాసార్లు సముద్రం కన్నా ఉప్పన.

కాకినాడ లాంటి రేవులో ఓడ ఎక్కకముందే, ఉప్పుగాలికి ఆరుబయట పడి ఉన్న స్టెయిన్‌లెస్ పైపుకు కూడా ఈ చుక్కలు పడవచ్చు. అందుకే వాటిని మామూలు ఇనుము తగలకుండా, మరలకు ప్లాస్టిక్ టోపీలు పెట్టి, పసిపిల్లల్లా మోస్తారు. మర బిగించేటప్పుడు జోరు చేస్తే రెండు పైపుల పళ్లు ఒకదాన్నొకటి కరిచి అతుక్కుపోతాయి. ఇంట్లో స్టీలు నట్టు, స్టీలు బోల్టు 'పట్టేసింది' అంటామే, అదే.

గుర్రాల కొట్టంలో తూటాలు

లోహం తుప్పు పట్టకుండానే పగిలిపోతుందని ప్రపంచానికి మొదట బాగా తెలిసింది మన దేశంలోనే. బ్రిటిషు సైన్యం ఇత్తడి తూటాలను వానాకాలం కదలికలు లేనప్పుడు గుర్రాల కొట్టాల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే ఎవరూ ముట్టుకోని తూటాల మెడలు చీలి ఉండేవి. వానాకాలం జబ్బని 'సీజన్ క్రాకింగ్' అన్నారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు: గుర్రం మూత్రం నుంచి లేచే అమ్మోనియా, తేమ, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు. మూడూ కలిసినప్పుడే పగులు. ఏ ఒక్కటి తీసేసినా తూటా భద్రం. తూటాలను కాస్త కాల్చి బిగువు తీసేస్తే సరిపోయింది.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న 75 టన్నుల లాగుడును తలుచుకోండి. స్టీలు ఉంది, బిగువు ఉంది. ఇక కావలసింది మూడోది, సరైన విషం.

ఈత కొలను పైకప్పు

విషం ఘాటుగా ఉండక్కర్లేదు. స్విట్జర్లాండులోని ఉస్టర్ ఊళ్లో 1985 మే 9న ఈత కొలను మీది కాంక్రీటు కప్పు కూలి 12 మంది చనిపోయారు. కప్పును వేలాడదీసిన కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలువి. నీళ్లలో కలిపే క్లోరిన్ నుంచి లేచిన ఆవిరి వాటి మీద పేరుకుని పదమూడేళ్లకు నిలువునా తెంపింది.

కాపలా నీళ్లే కాటేసిన కథ

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది ఇది.

గ్యాస్ బావిలో ట్యూబింగ్ ఒక్కటే ఉండదు. దాని చుట్టూ పెద్ద కేసింగ్ ఉంటుంది. గ్యాస్ లోపలి పైపులోనే రావాలి, సందులోకి రాకూడదు. అందుకని అడుగున ప్యాకర్ అనే బిరడా బిగించి, ట్యూబింగుకు కేసింగుకు మధ్య సందులో బరువైన ఉప్పునీళ్లు నింపుతారు. కింది ఒత్తిడిని ఆ నీటి బరువు ఆపుతుంది. ఇది మనం కలిపి, మనం వడకట్టి, మనం పోసిన నీరు. బావికి కాపలా అన్నమాట.

లోపల పారే కార్బన్ డయాక్సైడుకు, సోడాకు జడిసి ఇంజినీర్లు ఖరీదైన స్టీలు ఎంచుకుంటారు. పట్టికలు చూస్తారు, ప్రయోగాలు చేస్తారు. అన్నీ లోపలి శత్రువు కోసం. తీరా పైపు పగిలిన చాలాచోట్ల బయటికి తీసి చూస్తే పగులు మొదలైంది లోపలి గోడ నుంచి కాదు, బయటి గోడ నుంచి. కాపలా నీళ్ల వైపు నుంచి.

ఉత్తర సముద్రంలో ఎర్స్‌కిన్ అనే వేడి బావుల క్షేత్రంలో ఇట్లాగే జరిగింది. అక్కడ వాడింది 25 శాతం క్రోమియం ఉన్న డూప్లెక్స్ స్టీలు, అంటే మన కత్తి జాతికి పెద్దన్న. సందులో పోసింది కాల్షియం క్లోరైడు నీళ్లు. పేరులోనే క్లోరైడు ఉంది. ఆ వేడికి, దానిలో చేరిన కాస్త ఆక్సిజనుకు, పైపు బిగువుకు జత కుదిరింది. చైనాలోని టారిమ్ బేసిన్‌లో క్లోరైడు వద్దనుకుని ఫాస్ఫేటు ఉప్పునీళ్లు పోశారు. అక్కడ సూపర్ థర్టీన్ పైపులు పగిలాయి.

ఇంకా విడ్డూరమైనది మందుల సంగతి. ఉప్పునీళ్లలో పైపుకు తుప్పు రాకూడదని కొన్ని మందులు కలుపుతారు. వాటిలో థయోసయనేట్ అనేది ఒకటి. మామూలు ఇనుముకు అది మంచి మందే. కానీ దానిలో గంధకం ఉంది. బావి అడుగు వేడికి అది విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది. స్టీలుకు అంతకన్నా పెద్ద విషం లేదు. రోగికి ఏ మందు పడదో అడగకుండా సూది వేసినట్టు.

చీమ ఇచ్చిన ఉపాయం

కొన్ని రకాల చీమలు కరిచినప్పుడు మండేది ఫార్మిక్ ఆమ్లం. ఆ ఆమ్లపు లవణాలను, అంటే సోడియం, పొటాషియం, సీసియం ఫార్మేట్లను, 1980లలో షెల్ కంపెనీ పరిశోధకులు బావి నీళ్లకు పనికొస్తాయని చూపించారు. క్లోరైడు లేకుండానే బరువైన నీళ్లు తయారవుతాయి, స్టీలుతో పేచీ తక్కువ. వీటిలో అన్నిటికన్నా బరువైనది సీసియం ఫార్మేట్. దాని ముడిఖనిజం కెనడాలోని మానిటోబాలో ఒక సరస్సు కింద ఉన్న టాంకో గనిలో దొరికింది. ఎంత ఖరీదంటే దాన్ని అమ్మరు, అద్దెకిస్తారు. పెళ్లి వంటపాత్రల్లాగా వాడుకుని, కడిగి, కొలిచి తిరిగి ఇవ్వాలి. తగ్గినదానికి డబ్బు కట్టాలి.

తీపి గ్యాస్, పుల్లటి గ్యాస్

హైడ్రోజన్ సల్ఫైడ్ లేని గ్యాసును స్వీట్ అని, ఉన్నదాన్ని సోర్ అని అంటారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన ఆగిపోయిందని సంతోషించకూడదు. మోతాదు పెరిగితే ముందు చచ్చేది ముక్కే.

స్టీలుతో దీని లావాదేవీ వేరు. ఇది హైడ్రోజన్ పరమాణువులను లోహం లోపలికి తోస్తుంది. అవి లోపల దూరి ఉక్కును పెళుసు చేస్తాయి. క్లోరైడు పగులు వేడి ఎక్కువైతే వస్తుంది. ఇది మాత్రం చల్లగా ఉన్నచోట, గది వేడికి దగ్గర్లో, ఎక్కువగా వస్తుంది. అంటే ఒకే పైపుకు అడుగున ఒక గండం, బావి మూతి దగ్గర, సరిగ్గా 75 టన్నులూ వేలాడే చోట, మరో గండం. థర్టీన్ క్రోమ్‌ను సోర్ గ్యాసులో ఎంతవరకు నమ్మవచ్చో అంతర్జాతీయ ప్రమాణం గీత గీసింది: హైడ్రోజన్ సల్ఫైడ్ పాలు 10 కిలోపాస్కళ్లు, అదీ నీళ్లు మరీ పులిసిపోకుండా ఉంటేనే. 10 కిలోపాస్కళ్లంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో పదో వంతు.

మామూలు ఉక్కును నమ్ముకున్నవాళ్ల కథ కజకిస్తాన్‌లోని కషగాన్. కాస్పియన్ సముద్రంలోని ఈ మహా క్షేత్రంలో 2013 సెప్టెంబరులో నూనె మొదలైంది, వారాలు తిరక్కుండానే ఆగిపోయింది. సోర్ గ్యాస్ పైపులైను పగిలింది. దాదాపు 200 కిలోమీటర్ల పైపు తీసి కొత్తది వేసి, మళ్లీ మొదలుపెట్టేసరికి 2016 వచ్చింది.

నగరం

ఇది హైదరాబాద్ నగరం కాదు. కోనసీమలో మామిడికుదురు మండలంలోని నగరం అనే పల్లె. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఊళ్లోంచి పోయే 18 ఇంచుల గ్యాస్ పైపులైను లీకై, కమ్ముకున్న గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. తాటిపాక నుంచి కొండపల్లి వైపు గ్యాస్ తీసుకుపోయే లైను అది. ప్రభుత్వం వేసిన విచారణలో బయటపడింది: పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పారింది. నీళ్లు అడుగున నిలిచాయి, కార్బన్ డయాక్సైడ్ కలిసింది, పైపు లోపలి నుంచి కింది పక్కన తినేసింది. అది స్టెయిన్‌లెస్ కాదు, మామూలు ఉక్కే. గోలీసోడా లెక్క ఇందాక చెప్పాను.

కోనసీమ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పాశర్లపూడి బ్లోఅవుట్. 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది. దానికి కారణం తుప్పు కాదు, తవ్వుతుండగా ఎగదన్నిన ఒత్తిడి. రెండూ కలిపి చెప్పేవాళ్లు ఎదురవుతుంటారు కాబట్టి ఈ మాట.

నూనె లేని నేల, నూనె పైపుల ఫ్యాక్టరీ

తెలంగాణలో నూనె బావి లేకపోయినా నూనె బావి పైపులున్నాయి. విజయవాడ రోడ్డు మీద నల్గొండ జిల్లా నార్కట్‌పల్లి దగ్గర ఆయిల్ కంట్రీ ట్యూబులర్ అనే కర్మాగారం ఉంది. కేసింగ్, ట్యూబింగ్, డ్రిల్ పైపు, వాటి మరలు దాని పని. హైదరాబాదులో 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అతుకు లేని స్టెయిన్‌లెస్ పైపులు లాగుతుంది, అవి రియాక్టర్ల కోసం. కంచన్‌బాగ్‌లో 1973 నాటి మిధాని నికెల్ సూపర్ అల్లాయ్‌లు పోస్తుంది. ఇందాక చెప్పిన మెట్లలో పై మెట్టు మనకు సిటీ బస్సు దూరంలోనే ఉంది.

మొయినాబాద్‌లో మాత్రం ఇటువంటివి కనబడవు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడవకుండా 1996లో తెచ్చిన 111 జీవో 84 ఊళ్లలో కాలుష్యం చేసే పరిశ్రమలను నిలిపేసింది. అందుకే ఇక్కడ పూలు, కూరగాయలు, ఫామ్‌హౌసులు.

హుండీ లేని దేవుడు, హ్యూస్టన్ దారి

మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ. హుండీ లేని గుడి. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఆ ప్రదక్షిణలు చేసినవాళ్లలో కొందరు తేలేది నూనె రాజధాని హ్యూస్టన్‌లో. తుప్పు మీద పనిచేసే ఇంజినీర్ల అతి పెద్ద సంఘం 'నేస్' ఇల్లు కూడా ఆ ఊరే. 1943లో పుట్టింది, 2021లో మరో సంఘంతో కలిసి పేరు మార్చుకుంది. సోర్ గ్యాస్ గీత గీసింది ఈ సంఘమే, మొదటిసారి 1975లో. తుప్పు వల్ల ప్రపంచానికి ఏటా రెండున్నర లక్షల కోట్ల డాలర్ల నష్టమని 2016లో లెక్కగట్టింది కూడా వీళ్లే.

వదిలేసిన బావి

2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో వదిలేసిన బోరు గుంతలో రెండేళ్లు నిండని పాప పడిపోయింది. రెండు రోజులు దాటి తవ్వినా దక్కలేదు. ఆ రోడ్డున పోయినప్పుడల్లా గుర్తొస్తుంది.

బోరు ఎండిపోతే కేసింగ్ పైపు పీక్కుని మరో బోరుకు వేసుకోవడం పల్లెల్లో మామూలే. పైపుకు ధర ఉంది, గుంతకు లేదు. కేసింగ్ మూతికి ఉక్కు పలక వెల్డింగు చేయాలని, లేదా గట్టి మూత బోల్టులతో బిగించాలని, వదిలేసినదాన్ని అడుగు నుంచి పైదాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నూనె బావికైతే అక్కడక్కడా సిమెంటు దిమ్మెలు పోసి మూస్తారు. వందేళ్లు ఉక్కు మాట నిలబెట్టుకుంటుందని ఎవరూ నమ్మరు.

పందిరి, కంచె

తోటలో బయటికి తీసిన ఆ ముప్పై మూడు పైపుల్లో నాలుగైదు తప్ప మిగతావి బాగానే ఉన్నాయి. పాత సామాన్లవాడు వచ్చి కిలోల లెక్కన బేరం ఆడాడు. తోటాయన ఇవ్వలేదు. "బీరపాదుకు పందిరి గుంజలైతయి" అన్నాడు. టెక్సాస్, ఓక్లహోమా పల్లెల్లో కూడా ఇదే తెలివి. నూనె బావుల్లోంచి తీసేసిన పాత పైపులు కోసి, వెల్డింగు చేసి, పశువుల దొడ్లకు మైళ్ల కొద్దీ కంచెలు కడతారు. అక్కడి వెల్డర్లకు మామూలు ఇనప పైపంటేనే ఇష్టం. థర్టీన్ క్రోమ్ కుప్పలో కలిసిపోయి వస్తే విసుక్కుంటారు. ముందు బాగా కాల్చి వేడి చేయకుండా దాన్ని అతికితే, చల్లారాక అతుకు పక్కనే పగులుతుంది.